సున్నా నొక్కితే

ఆ ఆఫీసులో ఆవిణ్ని అందరూ సున్నక్క అనేవాళ్లు. ఏ బల్ల మీది ఫోనులోనైనా సున్నా నొక్కితే పలికేది ఆవిడే కాబట్టి ఆ పేరొచ్చింది. మొదట ఎవరో వేళాకోళానికి అన్నారు, తర్వాత అదే స్థిరపడిపోయింది. కొత్తగా చేరినవాళ్లు అలా పిలవడానికి మొహమాటపడితే ఆవిడే, "పిలవండి, పరవాలేదు. పక్కన సున్నాలు లేకపోతే మీ జీతాలకి అందం ఎక్కడిది?" అని నవ్వించేది.

పుట్టుకతోనే ఆవిడకి చూపు లేదు. చదివిన బడిలో టెలిఫోన్ బోర్డు నడపడం నేర్పారు. ఆ పని మీదే ఈ కంపెనీలో చేరింది, ఆ పని వల్లే పెళ్లీ అయింది. ఆఫీసు కిటికీలకి తెరలు కుట్టడానికి ఒప్పుకున్న టైలరు, కొలతలు మర్చిపోయానంటూ మాటిమాటికీ ఫోన్ చేసేవాడు. కిటికీలు పెరగవు, తరగవు, మరి ఈ కొలతల గోలేమిటని కొన్నాళ్లు ఊరుకుని, ఒకరోజు ఆవిడే, "తెరల సంగతి తర్వాత, అసలు సంగతేమిటో తెర తీసి చెప్పండి" అంది. అవతల టైలరు నోట్లో ఉన్న గుండుసూదులు మింగినంత పని చేశాడు.

టైలరు తల్లి మొదట్లో ఈ సంబంధానికి ససేమిరా అంది. చూపు లేని పిల్ల ఇల్లెలా సర్దుతుందని ఆవిడ బాధ. సర్దింది. ఎంత బాగా సర్దిందంటే, ఏ వస్తువు ఎక్కడుందో కోడలికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అందుకని మధ్యాహ్నం పూట అత్తగారు ఆఫీసుకి ఫోన్ చేసేది. సెల్‌ఫోన్ నంబరు ఆవిడకి నోటికి రాదు, ఆఫీసు నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"ఏమే, కత్తెర ఎక్కడ పెట్టావు?"

"మిషను కుడిపక్క సొరుగులో అత్తయ్యా. టేపు కింద చూడండి."

"చూశాను. లేదు."

"చెయ్యి లోపలికంటా పెట్టండి."

"ఆఁ, ఉంది. కళ్లున్న నాకు కనపడదు, నీకెలా తెలుస్తుందే?"

ఫోన్ పెట్టేసేముందు ఈ ఆఖరి మాట అనకపోతే అత్తగారికి రోజు గడిచినట్టు ఉండేది కాదు.

సున్నక్క కూర్చునే గది మెట్ల పక్కన ఉండేది. ఒక బల్ల, దాని మీద వరసలు వరసలుగా మీటలున్న బోర్డు, వెనక గదిలో ఎప్పుడూ సన్నగా గునిసే ఇనప బీరువా లాంటి ఎక్స్చేంజి. కంపెనీకి ఎన్నో దేశాల్లో శాఖలున్నాయి, ఒక్కో శాఖకి ఒక్కో మీట. అన్నీ వేలికి ఒకేలా తగులుతాయి కాబట్టి మొగుడు వచ్చి గోళ్ల రంగుతో చుక్కలు పెట్టి ఆరబెట్టాడు. ఓడరేవు గోడౌనుకి ఒక చుక్క, ఫ్యాక్టరీకి రెండు, మంచు పడే దేశంలోని శాఖకి మూడు. ఆ ఎండిన చుక్కల మీద వేళ్లు ఆడిస్తూ ఆవిడ ఇరవయ్యేళ్లకి పైగా మనుషుల్ని మనుషులతో కలిపింది. ఓడరేవు గోడౌను గుమాస్తా అయితే సరుకు సంగతి అడిగేముందు, "సున్నక్కా, ఇవాళ మీ అత్తగారికి ఏం కనపడలేదు?" అని అడిగేవాడు.

ఇంతలో పై ఆఫీసు నుంచి పెద్దసారు దిగాడు. కంపెనీ మొత్తానికి కొత్త నెట్‌వర్క్ వేయించే పని ఆయనకి అప్పగించారు. అప్పటిదాకా ఫోన్లది ఒక తీగ, కంప్యూటర్లది ఒక తీగ, బొమ్మ చూస్తూ మీటింగు పెట్టుకునే గదిది ఇంకో తీగ. ఇకమీదట మాట, రాత, బొమ్మ మూడూ ఒకే తీగలో వెళ్లాలి. ఏ దేశంలో ఉన్నవాడైనా ఏ దేశంలో ఉన్నవాడితోనైనా ఒక్క తెర మీంచే మాట్లాడాలి, రాసుకోవాలి, చూసుకోవాలి. దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. ఆఫీసులో అందరూ "ఒకే తీగ" అనేవాళ్లు.

పని చేసేది నెట్‌వర్కాయన. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. నేల పలకలు ఎత్తించి పాత తీగలు లాగించాడు, ప్రతి అంతస్తులోనూ తీగలు కలిపే పెట్టెలు మార్పించాడు, శాఖ శాఖకీ వెళ్లి అదే పని చేయించాడు. మాట సరిగ్గా వెళ్తోందో లేదో చూడటానికి సున్నక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ మంచుదేశం శాఖతో మాట్లాడుతుంటే, అవతల గదిలో ఇంకెవరో పెద్ద పెద్ద ఫైళ్లు పంపేవాళ్లు. అంతే, ఫోన్లో మాట తునాతునకలైపోయేది.

"ఇదేంటి తమ్ముడూ, పాపం ఆయన నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టున్నాడు!"

"ఫైళ్లు దారికి అడ్డం పడుతున్నాయక్కా. ఫైలు కాస్త ఆలస్యంగా వెళ్లినా కొంప మునగదు. మాట ఆగి ఆగి వెళ్తే అది మాటే కాదు. అందుకని ఎంత రద్దీ ఉన్నా మాట వస్తే మిగతావన్నీ పక్కకి తప్పుకోవాలి. ప్రతి పెట్టెలోనూ ఆ నియమం పెడుతున్నాను."

పెట్టాక మాట కడిగిన అద్దంలా వచ్చింది. పెద్దసారు కూడా మురిసిపోయి, "మాటకే ముందు దారి" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి అంతస్తులోనూ గోడకి కొట్టించాడు. ఆ మాట సున్నక్కకి ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్లి మొగుడికీ అత్తగారికీ చెప్పింది. "ఇన్నాళ్లకి మన పనికి ఒక గౌరవం వచ్చింది చూశారా!" అంది. ఆ గౌరవం ఎవరికొచ్చిందో అప్పటికి పాపం ఆవిడకి తెలియదు.

పాత బోర్డు తీసేసి, దాని చోట అద్దం పలకలాంటి తెర పెట్టారు. ఇకమీదట ఫోన్లు దాని మీంచే కలపాలి. తెర మీద రాసి ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆవిడ కంప్యూటర్‌లో ముందునుంచే ఉంది, దానితో ఉత్తరాలు కూడా చదువుకునేది. అదే దీనికీ పెట్టి, చెవులు రిక్కించి కూర్చుంది. "బటన్" అంది అది. పక్కకి జరిపితే "బటన్" అంది. ఇంకా జరిపితే మళ్లీ "బటన్". తెర నిండా బొమ్మలే. ఏ బొమ్మకీ పేరు పెట్టలేదు. మనిషి సీట్లో ఉంటే ఆకుపచ్చ చుక్కట, లేకపోతే పసుపు చుక్కట, మాట్లాడుతుంటే ఎర్ర చుక్కట. రంగులు! ఆవిడ ముందు పెట్టి రంగులు చూసుకోమన్నారు! అన్ని దేశాల వాళ్లని పిలిచి, అన్ని మీటింగులు పెట్టి, కాఫీలు తాగి తాగి, ఈ బోర్డు ముందు కూర్చునే మనిషిని మాత్రం ఒక్కడూ ఒక్క మాట అడగలేదు.

"బటన్లకి పేర్లు పెట్టడం పెద్ద పనేం కాదు సార్" అన్నాడు నెట్‌వర్కాయన. "తెర తయారుచేసిన వాళ్లకి చెబితే చేసిస్తారు."

"రెండో విడతలో చూద్దాం" అన్నాడు పెద్దసారు.

ఆయన నోట ఈ రెండో విడత తరచూ వినపడేది. చెయ్యాలనుకున్నవన్నీ మొదటి విడతలో ఉండేవి, ఎగ్గొట్టాలనుకున్నవన్నీ రెండో విడతలో ఉండేవి. రెండో విడత ఎప్పుడొస్తుందని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

కొన్నాళ్లకి పెద్దసారు సున్నక్కని తన గదికి పిలిచి, కుర్చీ వేయించి, చెరుకురసంలాంటి గొంతుతో మాట్లాడాడు.

"మీ గొంతు మా కంపెనీకి ఆస్తి అమ్మా. బయటివాళ్లు ఫోన్ చెయ్యగానే మొదట వినపడేది మీ గొంతే అయి ఉండాలని మా కోరిక. అమ్మకాలకి ఒకటి, రిపేర్లకి రెండు అంటూ ఒక్కసారి రికార్డు చేసిస్తే చాలు. అన్ని శాఖల్లోనూ అదే పెడతాం."

"మరి నా సీటు?"

"జీతానికేం లోటుండదు. పైన ఒక గది ఇస్తాం. హాయిగా విశ్రాంతి తీసుకోండి."

సున్నక్కకి ఒళ్లు మండింది. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. అయినా తమాయించుకుంది.

"నాకు విశ్రాంతి వద్దు సార్, పని కావాలి. నా గొంతు కావాలంటే అందులో సున్నా ఉండాలి. సున్నా నొక్కితే నాకే రావాలి. ఆ మాట చెప్పనిస్తేనే తక్కినవి చెబుతాను. లేదంటే వేరే గొంతు వెతుక్కోండి."

పెద్దసారు నవ్వాడు. "అంతేనా అమ్మా? తప్పకుండా. మీ గదిలో ఫోన్ పెట్టిస్తాం. సున్నా నొక్కితే నేరుగా అక్కడే మోగుతుంది. సరేనా?"

సరేనని నమ్మింది. ఎందుకు నమ్మదు? పుట్టినప్పటినుంచీ ఎదుటివాడి మాటే ఆధారంగా బతికిన మనిషి. రోడ్డు దాటమంటే దాటింది, మెట్టుందంటే ఎత్తి అడుగేసింది. అలాంటి మనిషికి మాటిచ్చి తప్పడం మిగతావాళ్లకి తప్పడంతో సమానం కాదు. ఆ తేడా తెలిసే తెలివి పెద్దసారుకి లేకపోయింది. ఉన్నా దాన్ని కూడా రెండో విడతకి వాయిదా వేసుకుని ఉంటాడు.

కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చిన్న గదిలో రికార్డింగు చేశారు. నమస్కారం చెప్పింది. ఒకటి చెప్పింది, రెండు చెప్పింది. చివర మాత్రం తన సొంత మాట కలిపింది. "ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే సున్నా నొక్కండి. నేను పలుకుతాను." ఆ "నేను" అన్నప్పుడు గొంతులో సంతోషం వినపడిందట. నెట్‌వర్కాయన తర్వాత చెప్పాడు.

పైఅంతస్తు గది నడవా చివర ఉంది. అటుగా ఎవరూ రారు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను. మొదటిరోజు సున్నక్క గొంతు సవరించుకుని కూర్చుంది. ఫోన్ మోగలేదు. కొత్త కదా, అలవాటు పడాలి అనుకుంది. మర్నాడూ మోగలేదు. వారం గడిచినా మోగలేదు. రిసీవరు ఎత్తి చూస్తే లోపల చప్పుడు ఉంది, ఫోన్ బాగానే ఉంది. కింద ఉద్యోగులంతా తెరల మీద రాసుకుంటున్నారు. సున్నక్క గొంతు రికార్డు చేసిచ్చి, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటోందని వాళ్లు అనుకున్నారు.

ఆ గదిలో ఆవిడకి కలిగిన కష్టం అంతా ఇంతా కాదు. ఆకలైతే చెప్పుకోవచ్చు, జ్వరమొస్తే చెప్పుకోవచ్చు. "నన్ను ఎవరూ అడగటం లేదు" అని ఎవరికి చెప్పుకుంటారు? ఇన్నాళ్లూ తనతో అంత చనువుగా మాట్లాడిన గోడౌను గుమాస్తా కూడా ఒక్కసారి సున్నా నొక్కలేదే అని మనసు చివుక్కుమంది. నా మీద ప్రేమ కాదన్నమాట, బోర్డు మీద అవసరం, అంతే అనుకుంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే మొగుడితో కూడా పెద్దగా మాట్లాడేది కాదు.

దానికి తోడు ఇంట్లో అత్తగారు అలిగింది. ఆవిడ అలక సున్నక్కకి గిన్నెల చప్పుడులో తెలిసిపోతుంది. మూత పెట్టాల్సిన చోట విసురు, పీట జరపాల్సిన చోట ఈడ్పు. అడిగితే, "నాకేం? బాగానే ఉన్నాను" అంటుంది. తల్లికీ పెళ్లానికీ మధ్య టైలరు పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి ఒక సాయంత్రం మిషను ఆపేసి, "అమ్మా, ఏమైందో చెబుతావా, చెప్పవా?" అని గట్టిగా అడిగాడు.

అత్తగారు ఒక్కసారిగా బద్దలైంది.

"ఏం చెప్పమంటావురా! రోజూ ఫోన్ చేస్తున్నాను. కత్తెర ఎక్కడే అంటే నమస్కారం అంటుంది. ఇరవయ్యేళ్లలో ఎప్పుడైనా నాకు ఫోన్లో నమస్కారం పెట్టిందా? పోనీ పెట్టింది, జవాబు చెప్పాలా వద్దా? ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. నేనడిగింది కత్తెర! సున్నా నొక్కితే పలుకుతానంది. నొక్కాను. మళ్లీ నమస్కారం అంది! మళ్లీ నొక్కాను, మళ్లీ నమస్కారం! ముసలిదాన్ని, ఇంత వెటకారమా?"

మిషను పక్కన నిలబడ్డ సున్నక్క అత్తగారి గొంతు వైపు తిరిగింది.

"అత్తయ్యా, రోజూ చేశారా?"

"రోజూ! నీ మీద కోపమొచ్చి కూడా చేశాను, ఇవాళైనా పలుకుతావేమోనని."

సున్నక్క సెల్‌ఫోన్ తీసి ఆఫీసు నంబరు కలిపింది. తన గొంతే నమస్కారం చెప్పింది. ఒకటి చెప్పింది, రెండు చెప్పింది. సున్నా నొక్కండి, నేను పలుకుతాను అంది. నొక్కింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత మళ్లీ తన గొంతే, అంతే సంతోషంగా, నమస్కారం అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. సీటు తీసేస్తే తీసేశారు. గదిలో పడేస్తే పడేశారు. తన గొంతుతో తన చేతే అబద్ధం ఆడించారు! అన్ని దేశాల్లో, అందరి చెవుల్లో, రోజంతా! అత్తగారి చెవిలో కూడా!

మర్నాడు పొద్దున్నే నెట్‌వర్కాయన్ని నిలదీసింది. ఆయన తల వంచుకుని ఉంటాడు, గొంతు నేలవైపు నుంచి వచ్చింది.

"సున్నా ఎక్కడికి పంపాలో చెప్పమని అడిగానక్కా. ఖాళీగా వదిలెయ్, రెండో విడతలో చూద్దాం అన్నారు. ఖాళీగా వదిలేస్తే అది తిరిగి మొదటికే వస్తుంది. నీకు చెప్పారనుకున్నాను. చెప్పలేదని తెలిశాక నోరు రాలేదు."

"ఎంతమంది నొక్కారు తమ్ముడూ?"

"చాలామంది అక్కా. మన ఓడరేవు ఆయనైతే విసుగు లేకుండా నొక్కాడు."

సున్నక్క అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఎవరూ మర్చిపోలేదు. అందరూ పిలుస్తూనే ఉన్నారు, తను వినపడని చోట కూర్చుని వాళ్లని తిట్టుకుంది.

ఆ వారంలోనే ఒకే తీగ ప్రారంభోత్సవం. కింద పెద్ద హాలు నిండా జనం, గోడ పొడుగునా తెర, ఆ తెర మీద అన్ని దేశాల శాఖలూ. వేదిక మీద పెద్దసారు చాలాసేపు తనను తాను పొగుడుకుని, చివర, "మన కంపెనీ గొంతుని ఇప్పుడు మీకు చూపిస్తాను" అని సున్నక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చప్పట్లు మోగాయి. "నాలుగు మంచి మాటలు చెప్పండమ్మా" అని చెవిలో అన్నాడు.

సున్నక్క మైకు అందుకుంది.

"నమస్కారం. మీరంతా ఒక చిన్న పని చేసిపెట్టండి. ఎక్కడున్నవాళ్లు అక్కడే మన నంబరు కలిపి, సున్నా నొక్కండి."

ఏదో సరదా అనుకుని అందరూ ఫోన్లు తీశారు. హాల్లోనూ, తెర మీది శాఖల్లోనూ. ఒక్కో ఫోన్లోంచీ ఆవిడ గొంతు మొదలైంది, ఒకటి ముందు, ఒకటి వెనక. నమస్కారం, నమస్కారం, నమస్కారం. సున్నా నొక్కండి, నేను పలుకుతాను. నొక్కారు. మళ్లీ నమస్కారం. మొదట నవ్వులు వినపడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. హాలంతా ఆవిడ గొంతే తిరుగుతోంది, ఆవిడ మాత్రం నోరు మూసుకుని మధ్యలో నిలబడింది.

తెర మీంచి ఓడరేవు గుమాస్తా గొంతు వినపడింది. "సున్నక్కా! నువ్వక్కడే ఉన్నావా? ఇన్నాళ్లూ నొక్కి నొక్కి, మాతో మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకున్నాం."

"ఇష్టం లేకేం బాబూ, దారి లేదు" అంది సున్నక్క. ఇక ఆగలేదు. "పలుకుతానని చెప్పింది నేను. పలకనివ్వనిది వీళ్లు. మాటకే ముందు దారి అని గోడలకి కొట్టించారు, మాట్లాడే మనిషిని మాత్రం నడవా చివర పారేశారు. నన్ను ఇంటికి పొమ్మంటే పోయేదాన్ని. నా గొంతు పెట్టుకుని, నన్ను తీసేసి, నా పేరు మీద రోజూ అబద్ధం చెబుతున్నారు. ఆ సున్నా నాకైనా కలపండి, లేదా నా గొంతు నాకు ఇచ్చెయ్యండి."

"ఆ మైకు ఆపు!" అని పెద్దసారు నెట్‌వర్కాయన మీద పళ్లు నూరాడు. మైకు ఇంకా పని చేస్తోంది కాబట్టి ఆ మాట కూడా అన్ని దేశాలకీ వెళ్లింది.

"కుదరదు సార్" అన్నాడు నెట్‌వర్కాయన, మొదటిసారి గొంతెత్తి. "మాటకే ముందు దారి. మీరే రాయించారు."

ఆ మధ్యాహ్నమే సున్నా కలిసింది. పెద్దసారు ఇష్టపడి కాదు, అన్ని శాఖల వాళ్లూ అక్కడికక్కడే అడిగారు కాబట్టి. తెర మీది బటన్లకి పేర్లు పెట్టేదాకా ఇక్కణ్ణుంచి లేవనని సున్నక్క పైగదిలోని ఫోన్ దింపించుకుని మెట్ల పక్క గదికే వచ్చి కూర్చుంది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు, అది రెండో విడతలో ఉందేమో.

సాయంత్రం కావస్తుండగా ఫోన్ మోగింది. సున్నక్క ఒక్క ఉదుటున ఎత్తింది.

"సున్నా. చెప్పండి."

అవతల అత్తగారు అనుమానంగా అడిగింది.

"నువ్వేనా, ఆ నమస్కారాల మనిషా?"

"నేనే అత్తయ్యా."

"అయితే కత్తెర ఎక్కడుందో చెప్పు."

"మీ చేతిలోనే ఉంది. చప్పుడు వినపడుతోంది."

అవతల కత్తెర చప్పుడు ఆగింది. అత్తగారు, "నువ్వేలే" అని ఫోన్ పెట్టేసింది.